కూతురి కూత

మా పిల్లకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. అయినా ఇంట్లో మాటలకు కొరత లేదు, తన వాటా కూడా నేనే మాట్లాడేస్తాను. ఆరో తరగతిలో నేను బడి మానేశాను గానీ నోరు మానలేదు. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్లో నా పని. ఆ మిషన్ల మోత మీద వినపడాలంటే ఆ మాత్రం గొంతు ఉండాల్సిందే.

తొమ్మిదో తరగతిలో తను బడి కబడ్డీ జట్టులో చేరింది. పట్టుకోవడానికి మాత్రమే. తన చేతికి చిక్కిన కాలు ఇక ఆ కాలు గలవాళ్ళది కాదు. కానీ కూతకు పంపేవాళ్ళు కాదు. ఊపిరి తెగకుండా 'కబడ్డీ కబడ్డీ' అని అందరికీ వినపడాలి కదా. తన గొంతులోంచి వచ్చేది వట్టి మూలుగు. తనేమో కూతకు పోతానని ఇంట్లో గిన్నెలు విసిరికొట్టేది.

కురుగోడులో తాలూకా ఆటల రోజు సెలవు పెట్టి బస్సెక్కాను. అంపైరు పీటీ మేష్ట్రు.

"సార్, దాని కూత నేను పెడతా. గీత బయట నిలబడి."

"ఆడేది నువ్వా, అదా అమ్మా?"

"కాళ్ళు దానివి, గొంతు నాది. రెండూ ఒకింటివే గదా సార్."

"నీ ఊపిరి తెగితే?"

"అప్పుడు అది ఔటు. నా నోరు ఆగిందని తెలిస్తే మా ఇంటాయన టెంకాయ కొడతాడు."

మేష్ట్రు నవ్వాడు. నవ్విన మనిషి కాదనలేడు. ఎదుటి జట్టూ సరేనంది.

మొదటి కూత. నేను కబడ్డీ కబడ్డీ అంటున్నాను. తను గీత దాటగానే ఎదుటి ఏడుగురూ వెనక్కి జరిగారు. వాళ్ళ కెప్టెన్, ఒక పొడుగాటి పిల్ల, ముట్టుకోమన్నట్టు భుజం ముందుకు వంచింది. తను ముట్టింది, తిరిగొచ్చింది. పాయింటు. జనం చప్పట్లు కొట్టి "పాప, పాప" అన్నారు. తెలుగులో పాప అంటే పిల్ల. కన్నడంలో పాప అంటే అయ్యో పాపం. ఆ చప్పట్లు కన్నడంలో ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే, ఒంటికి దెబ్బ తగలకుండా పాయింటు వచ్చింది. మా పిల్ల ఆ ముఖాలన్నీ ఒక్కసారి చూసి నేల మీద ఉమ్మింది.

రెండో కూత. ఔటై బయటికి పోయిన పొడుగుపిల్ల తిరిగి లోపలికొచ్చి, మళ్ళీ భుజం వంచింది. మా పిల్ల భుజం ముట్టలేదు. ఎగిరి కాలు విసిరింది. మడమ వెళ్ళి ఆ పిల్ల మూతికి తగిలింది. పెదవి చిట్లి పళ్ళన్నీ ఎర్రబడ్డాయి.

"పట్టుకోండే దీన్ని!" నెత్తురు ఉమ్ముతూ అరిచింది ఆ పిల్ల. "మూగది లేదు గీగది లేదు, ఇరగదీయండి!"

ఒకతి నడుము పట్టింది. ఒకతి చీలమండ లాగింది. మోచెయ్యి ఒకటి మెడ మీద పడింది. మా పిల్ల ముఖం కంకరలో రాసుకుపోయింది. ఆ ముగ్గురినీ ఈడ్చుకుంటూ గీత వైపు పాకుతోంది. నేను కబడ్డీ కబడ్డీ అంటూనే ఉన్నాను. ఇంకో మాట అన్నానా, తను ఔటు. గీతకూ తన వేళ్ళకూ జానెడు దూరం ఉండగా పొడుగుపిల్ల వీపు మీద మోకాలు దించి, తన చెయ్యి వెనక్కి మెలిపెట్టింది. కటుక్కుమంది.

"సచ్చిపోతాదే, వదలండే!"

నా గొంతే. విజిల్ మోగింది.

తనకు వినపడలేదు. చివరి బలమంతా పెట్టి గీత ముట్టి, నెత్తుటి పళ్ళతో నవ్వుతూ మోకాళ్ళ మీద లేచింది. మేష్ట్రు వేలు ఎత్తి ఉంది.

"చెయ్యి ఇరగ్గొట్టినారు గదా సార్, మీకు కండ్లుండాయా?"

"సుమ్నె ఇరమ్మా, గమ్మునుండు! నువ్వే ఔటు చేసినావు, మళ్ళా నువ్వే అరుస్తాండావు!"

పెదవులు చూసి మాట పట్టుకునే పిల్ల తను. నా నోరు చూసింది, అర్థమైంది. నేరుగా వచ్చి నా చెంప మీద కొట్టింది. చెవిలో గుయ్యిమంది. కొట్టింది ఆ మెలిపడ్డ చేత్తోనే, అంటే విరగలేదన్నమాట.

కాసేపటికి మా జట్టు ఎదుటివాళ్ళలో ఒకదాన్ని ఔటు చేసి తనను మళ్ళీ లోపలికి తెచ్చింది. తను జట్టులోని ఒక పిల్లను జడ పట్టి గీత దగ్గరికి లాక్కొచ్చి, ఆ పిల్ల గొంతు మీద వేలు పెట్టింది. నన్ను మాత్రం పక్కకు తోసింది.

"ఏంది, గొంతులు మార్చేది యాడన్నా ఉండాదా?" అన్నాడు మేష్ట్రు.

"మార్చుకోనీ సార్," అంది పొడుగుపిల్ల, పెదవికి గుడ్డ అదుముకుంటూ. "అది మళ్ళా రావాల. దాని సంగతి నేను చూడాల."

మూడో కూత మొదలైంది. కొంగు పళ్ళ మధ్య కుక్కుకొని నిలబడ్డాను. తను గీత దాటింది. ఎవరూ వెనక్కి జరగలేదు. అందరూ ఒక్కసారిగా తన మీద పడ్డారు.