మేస్త్రి కోసేసిన పిన్ను

ఆ రోజు పొద్దుటి నుంచి తుంపర. పోర్టు రోడ్డు పక్కన మా షెడ్డులో ఒక లోడరుకి బుష్షులు మారుస్తున్నాం. పాత బుష్షు సగం బయటికి వచ్చి ఆగిపోయింది. అప్పుడే మాకు పని నేర్పిన మేస్త్రి పోయారని ఫోను వచ్చింది. పని సగంలో వదిలితే ఆయనకు నచ్చేది కాదు. బుష్షు తీసి, కన్నం తుడిచి, గోనె కప్పి వెళ్లాం.

ఇంటి దగ్గర ఆయన భార్య నన్ను చూడగానే అడిగింది.

"మా మరిదికి ఫోన్ సేసినావా బాబూ? మాకా మగపిల్లల్లేరు. కొరివి పెట్టాలంటే ఆడే రావాల. వత్తాడో రాడో."

చేశానన్నాను. అవతల ఎవరో తీసి, చెబుతామని పెట్టేశారు.

ఆ అన్నదమ్ములకు ఏళ్లుగా మాటల్లేవు. కారణం ఒక పిన్ను.

ఓడ అడుగున మిగిలిన బొగ్గును మూలల నుంచి తోసి పోగుచేసే చిన్న బండి ఈ లోడరు. దాని చేతులు లేచి దిగే కీలులో ఇనుప పిన్ను, చుట్టూ బుష్షు ఉంటాయి. బొగ్గుపొడి చేరి అవి అరిగితే చెయ్యి టకటకా ఊగుతుంది. మరీ అరిగితే జారి పడుతుంది. బండి ఆగితే కూలి పోతుంది కాబట్టి డ్రైవర్లు గ్రీజు కూరి చప్పుడు అణిచేసేవారు. మేస్త్రి ముందుగా ఆ గ్రీజు తుడిచేవారు. కీలు మీద అరచెయ్యి ఆనించి, బండి చెయ్యి ఎత్తించి దింపించేవారు.

"దాని నోరు నొక్కేసినావు. నొప్పి పోద్దేటి?" అని డ్రైవరును ఆటపట్టించేవారు.

తొంభైల్లో ఒక బొగ్గు ఓడలో ఆయన తమ్ముడే డ్రైవరు. ఆ పని ఇప్పించింది మేస్త్రే. క్రేనుతో బండిని గట్టు మీదికి దించినప్పుడు చెయ్యి ఊగుతోంది.

"పిన్ను అయిపోనాది. ఈ బండి మళ్లీ ఓడలోకి దించొద్దు," అన్నారు మేస్త్రి.

"ఇయ్యాల్టికి ఒగ్గీ అన్నియ్యా. బండి ఆగితే కంట్రాక్టరు నన్నూ ఆపేత్తాడు."

"నీ మీద పడితే ఇంట్లో నానేటి సెప్పాల?"

పిన్ను చివర్లు తుప్పుతో బిగుసుకుపోయి సుత్తికి కదల్లేదు. మేస్త్రి గ్యాసుతో కోసేశారు. ముక్కలు బయటికి తీస్తే పిన్ను లోపల నున్నగా ఉంది. బుష్షూ బాగుంది. ఊగినది కీలు కాదు. కింద, చేతిని ఎత్తే సిలిండరును పట్టి ఉంచే బోల్టులు వదులయ్యాయి.

"తప్పు నాదే. బోల్టు బిగిత్తే సరిపోయేది," అన్నారు మేస్త్రి అందరి ముందూ.

తమ్ముడు పిన్ను ముక్కను తిప్పి చూశాడు.

"నా కూడు నీ సేత్తోనే కోసేసినావు అన్నియ్యా."

లేత్ మీద కొత్త పిన్ను తయారయ్యేసరికి కంట్రాక్టరు వేరే బండిని, దాని డ్రైవరును దించాడు. తమ్ముణ్ణి మళ్లీ పిలవలేదు. మేస్త్రి తమ్ముడి కోసం ఆ కంట్రాక్టరు ఆఫీసు చుట్టూ చాలా తిరిగారు. తమ్ముడు పరవాడ వైపు ఒక బొగ్గు యార్డులో చేరాడు.

ఆ తరవాత మేస్త్రి ప్రతి బోల్టూ బిగించి చూడనిదే దేన్నీ విప్పనిచ్చేవారు కాదు. "నాను సూసినానని నువ్వు మానీకు," అనేవారు. ఒకసారి నిజంగానే అరిగిపోయిన పిన్ను ముందు మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. మేం మా పనుల్లో ఉన్నట్టు తిరిగాం. చివరికి గ్యాసు కట్టరు నా చేతిలో పెట్టి, "నువ్వు కొయ్యి బాబూ," అన్నారు. నాకు ఆ పని అలా వచ్చింది. నేర్పాలని ఇచ్చారని అందరికీ చెబుతుంటాను. ఆయన చెయ్యి ఆడక ఇచ్చారు.

ఒకసారి నేను పరవాడ వెళ్తున్నానని తెలిసి, "మావోడి బండి కీళ్లు ఓపాలి సూసి రా," అన్నారు. తమ్ముడు నన్ను బండి దగ్గరికి రానిచ్చాడు. "ఏటి, దీన్నీ కోత్తావా?" అని నవ్వాడు. కీళ్లు బాగానే ఉన్నాయి. వచ్చి అదే చెప్పాను.

"గ్రీజు తుడిసి సూసినావా?" అని మాత్రం అడిగారు మేస్త్రి.

మేస్త్రికి పాడె కట్టాక కూడా తమ్ముడి కోసం చాలాసేపు ఆగాం. ఇక లాభం లేదని మేస్త్రి పెద్దమ్మాయి, "నాన్నకి కొరివి నాను పెడతాను," అంది. పెద్దవాళ్లు పాడె ఎత్తారు. నిప్పుకుండ పట్టుకుని ఆమే ముందు నడిచింది.

శ్మశానం దగ్గర తమ్ముడు ఆటో దిగాడు. యార్డు బట్టలతోనే వచ్చాడు. అమ్మాయి చేతిలోని కుండ అందుకున్నాడు. కొరివి అతనే పెట్టాడు. ఇంటికి రమ్మని వదిన కబురంపింది. వెళ్లలేదు. సాయంత్రం షిఫ్టుకి పరవాడ వెళ్లిపోయాడు.