చర్చి ఊడ్చే మనిషి

మదనపల్లెలో సోఫియా సిస్టరమ్మను ఎరగని క్రైస్తవ కుటుంబం లేదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, రిటైరయ్యే నాటికి నర్సులందరికీ పెద్దయిన మనిషి. ఆమె వార్డులోకి వస్తోందంటే చిన్న డాక్టర్లు కూడా మాటలు ఆపి సర్దుకుని నిలబడేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషి రిటైరయిన తర్వాత ప్రతి శనివారం పొద్దున చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని చర్చి ఊడ్చేది, నేల కడిగేది, బెంచీలు తుడిచేది.

ఎవరూ ఆమెను అడగలేదు. తనంతట తాను పెట్టుకున్న పని. మొదట్లో నిజంగానే అది ఆమెకు ప్రార్థనలాగా ఉండేది. తర్వాత చర్చి పాస్టరు అయ్యగారు ఒక ఆదివారం ప్రసంగంలో ఆ సంగతి చెప్పారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దలకు ఆమెను చూపించి, అంత పెద్ద ఉద్యోగం చేసిన అమ్మ ఇప్పుడు చీపురు పట్టిందని పరిచయం చేసేవారు. అప్పుడు సోఫియా తల కొంచెం వంచి, "నాదేముందయ్యా, అంతా ప్రభువు పని" అనేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తల వంచడం బాగా కుదిరింది.

నిరుడు వానలు మొదలయ్యే ముందు ఒక శనివారం ఆమె వెళ్ళేసరికి చర్చి నేల అప్పటికే కడిగి ఉంది. బెంచీలు తుడిచి వరసగా పెట్టి ఉన్నాయి. బాలికల హాస్టల్లో కొత్తగా వంటపనికి చేరిన అంబిక చేసిందని వాచ్‌మన్ చెప్పాడు. పోనీలే, ఒక వారం అనుకుంది సోఫియా. పై వారమూ అంతే. ఆ పై వారం ఆమె శుక్రవారం సాయంత్రమే వెళ్ళింది. అంబిక అప్పుడే చివరి మెట్టు కడిగి బకెట్ బోర్లిస్తోంది.

నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంది. సిస్టరమ్మను చూసి కొంగు సర్దుకుని పక్కకు జరిగింది.

"నీకెవరు చెప్పినారమ్మా ఈ పని?" అని అడిగింది సోఫియా.

"ఎవురూ చెప్పలేదక్కా. సాయంత్రం ఊరికే కూసోలేక."

"ఏ ఊరు మీది?"

"పుంగనూరు."

ఆ జవాబు రావడానికి పట్టిన కొంచెం ఆలస్యం సోఫియా చెవిలో ఉండిపోయింది. రోగులు మందు మింగామని అబద్ధం చెప్పే ముందు అలాగే ఆగుతారు.

అప్పటినుంచి ఆమె అంబికను గమనించసాగింది. అంబిక ఆరాధనలో చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, అందరికంటే వెనక కూర్చునేది. స్త్రీల సమాజంలో ఎవరైనా ప్రార్థన చేయమంటే తనకు రాదని తల అడ్డంగా ఊపేది. దేవుడు తమకు చేసిన మేళ్ళను సాక్ష్యాలుగా చెప్పుకునే వేళకు నీళ్ళు తెస్తానని లేచి వెళ్ళి, అంతా అయిపోయాక వచ్చేది. పుంగనూరు అని చెప్పిన మనిషి హాస్టల్ పిల్లలను కేకలేసేటప్పుడు మాటలో అరవం దొర్లేది. ఆ యాస కుప్పం వైపుది. ఆసుపత్రిలో అన్ని ఊళ్ళ రోగులనూ చూసిన సోఫియాకు అది కొత్త కాదు.

ఒక మధ్యాహ్నం మరిచిపోయిన కళ్ళజోడు కోసం చర్చికి వెళ్ళినప్పుడు లోపల ఎవరిదో గొంతు వినిపించి తలుపు దగ్గరే ఆగింది. అంబిక ఒక్కతే మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేస్తోంది. తడబాటు లేదు. వాక్యం మీద వాక్యం ఏరులాగా వస్తోంది. పెద్ద పెద్ద సభల్లో మాట్లాడి అలవాటైన వాళ్ళ గొంతు అది. ప్రార్థన రాదని చెప్పిన మనిషి ఈమేనా?

సోఫియా వచ్చినట్టు తెలియనివ్వకుండా వెనక్కి తిరిగింది. ఇంటికి వెళ్ళే దారంతా ఆమెకు ఒకటే ఆలోచన. ఊరు దాచింది, ప్రార్థన దాచింది, ఇంకా ఏం దాచిందో. ముందు చీపురు, తర్వాత చర్చి తాళంచెవి, ఆ తర్వాత స్త్రీల సమాజం. మెత్తగా ఉండి మెల్లగా ఎక్కేవాళ్ళను తాను ఎంతమందిని చూడలేదు?

ఆ వారమే పక్కవీధి గీతతో ఆ మాట అనింది. గీత స్త్రీల సమాజానికి కార్యదర్శి, నోరు మంచిదే కానీ కదలక ఉండదు.

"మంచి మనిషి మాదిరే ఉండాది గదా సిస్టరమ్మా" అంది గీత.

"మంచి మనిషైతే ఊరు దాచేది యాల? యాడో ఏదో చేసి వచ్చిన మనిషి. నేను ఊరికే అనను."

నిజమే, సిస్టరమ్మ ఊరికే అనదని అందరికీ నమ్మకం. ఇంకో రెండు మూడు ఇళ్ళలో కూడా, సంఘం మేలు కోరి చెబుతున్నానంటూ అదే మాట చెప్పింది. ఆ మాట ఆమె చెప్పినంత దగ్గరే ఆగలేదు. అంబికను పాత ఊరి సంఘం నుంచి వెళ్ళగొట్టారని ఒకరు, పోలీసు కేసు ఉందని మరొకరు అనుకున్నారు. ఆడవాళ్ళు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. హాస్టల్ వార్డెన్ ఆదివారం పిల్లలను చర్చికి తీసుకువెళ్ళే పని ఆమె నుంచి తప్పించింది. అంబిక ఎవరినీ ఏమీ అడగలేదు. శుక్రవారం వచ్చి చర్చి కడిగి వెళ్ళేది. అలా అడగకపోవడం కూడా సోఫియాకు అనుమానంగానే తోచింది.

అంతలో కుప్పంలో టీచరుగా ఉన్న సోఫియా తమ్ముడి కూతురు షైనీ కొత్త ఇంటి ప్రార్థనకు పిలిచింది. దారిలో పుంగనూరులో దిగితే పాత స్నేహితురాలు మేరమ్మను కూడా చూసి రావచ్చు. మేరమ్మ ఒకప్పుడు సోఫియాతో కలిసి డ్యూటీలు చేసిన మనిషి. భోజనం దగ్గర సోఫియా ఏమీ ఎరగనట్టు అంబిక పేరు ఎత్తింది.

మేరమ్మకు జ్ఞాపకం ఉంది. కొన్ని నెలలే ఉందని, చర్చి ఊడ్చేదని, మంచానపడ్డ ముసలివాళ్ళకు నీళ్ళు పోసేదని చెప్పింది. ఒక ఆదివారం అయ్యగారు అందరి ముందూ ఆమెను పేరు పెట్టి మెచ్చుకుని, వచ్చే వారం సాక్ష్యం చెబుతుందని ప్రకటించారట. వచ్చే వారానికి మనిషి లేదు.

"మావోళ్ళు ఏమన్నా పోయిందేమోనని అన్నీ చూసుకున్నారు సోఫియా. ఒక్క గుడ్డపేలిక కూడా పోలేదు" అంది మేరమ్మ.

ఏమీ పోలేదని విన్నప్పుడు సోఫియాకు కలిగింది సంతోషం కాదు, నిరాశ. అది ఆమె తనలో తానే గమనించి, గమనించనట్టు మజ్జిగ కలుపుకుంది.

కుప్పంలో ప్రార్థన అయిపోయాక, భోజనాల ఆకుల ముందు కూర్చున్న వాళ్ళను మళ్ళీ కదిపింది. అంబిక పేరు వినగానే మాటలు తగ్గాయి. చెంగయ్య అనే పెద్దాయన, అది తాము చెప్పే సంగతి కాదనీ, చెప్పాలంటే ఆ ఊళ్ళోనే బట్టలు కుట్టే వరలక్ష్మే చెప్పాలనీ అన్నాడు. మర్నాడు పొద్దున షైనీని వెంటబెట్టుకుని సోఫియా ఆటోలో ఆ ఇంటికి వెళ్ళింది. ఇప్పుడు దొరికింది అనుకుంటూనే వెళ్ళింది.

వరలక్ష్మి ఇంటి ముందు గదిలో మిషను మీద రవికెలు కుడుతోంది. అంబిక పేరు చెప్పగానే ఆమె మిషను ఆపి, బాగుండాదా అని అడిగింది. బాగుందని చెప్పాక స్టూలు జరిపి కూర్చోమంది.

"నాకు బిడ్డలు నిలిచేవాళ్ళు కాదమ్మా" అని మొదలుపెట్టింది. "అంబికక్క ప్రార్థన చేస్తే జరుగుతాదని యాడాడి నుంచో జనం వచ్చేటోళ్ళు. నేనూ పోతిని. అంత జనంలో నన్ను నిలబెట్టి, నీ ఇంట్లో దాచిన పాపం ఉండాది, దేవుడు నాకు చూపిస్తాండాడు అనింది. నాకు ఏ పాపమూ తెలీదు. ఆ పొద్దు నుంచి మా అత్త చూపే మారిపాయె. నా మొగుడు మూడు నెలలు నాతో మాట్లాడలేదు."

తర్వాత వేలూరుకు పోయి చూపించుకుంటే రక్తంలో ఏదో తేడా అని తేలింది. మందులు వాడాక పాప పుట్టింది, ఇప్పుడు బడికి పోతోంది. రక్తంలో తేడా అని తెలిసిన వారమే అంబిక ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, అది దేవుడు చెప్పింది కాదని, జనం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే తన నోటికి వచ్చింది తాను అన్నానని ఒప్పుకుంది. ప్రార్థన కూటం మానేసింది.

"అంతటితో నేను ఊరుకుంటానా? నా ఇంటి గడప తొక్కొద్దన్నాను. అయినా కుళాయి కాడ నాకంటే ముందొచ్చి నా బిందెలు పట్టి పెట్టేది. నేను ఆమె ఎదురుగానే పారబోసేదాన్ని. పారబోసి పారబోసి ఒకపొద్దు నాకే చేతులు రాలేదమ్మా. ఆ నీళ్ళు ఇంట్లోకి తెచ్చుకున్నా."

"మరి ఊరు విడిచి పోయింది ఎందుకు?" అంది సోఫియా. తన గొంతు తగ్గిందని ఆమెకే తెలిసింది.

"అంబికమ్మ తగ్గింపు చూడండి, ఎంత వినయమో అని మళ్ళీ జనం వచ్చేది మొదలుపెట్టిరి. సభలకు పిలిచిరి. రెండుతూర్లు పోయింది. రెండోతూరి వచ్చి ఈడే కూసోని ఏడ్చింది. నేను ఏడిస్తే వాళ్ళూ ఏడుస్తాండారు వరలక్ష్మీ, అది నాకు బాగుండాది అనింది. మర్నాడు పాయె." వరలక్ష్మి దారం కొరికి మళ్ళీ మిషను మీదికి వంగింది. "ఊరు మారితే పోయేదా అది? మనిషి ఎంబడే వస్తాది. చెప్పినా, ఇనలేదు."

తిరుగు బస్సులో సోఫియాకు మొదట విజయంలాంటిది కలిగింది. తన అనుమానం వట్టిది కాదు, అంబిక నిజంగానే తప్పు చేసి వచ్చిన మనిషి. కానీ పలమనేరు దాటేసరికి ఆ విజయం చల్లారిపోయింది. 'అది నాకు బాగుండాది' అన్న మాట మాత్రం సీటు పక్కన కూర్చున్న మనిషిలాగా కదలలేదు. తాను బయటి పెద్దల ముందు తల వంచిన ప్రతిసారీ లోపల ఎలా ఉండేది? బాగుండేది. శనివారం పొద్దున ఎవరూ చూడకపోతే వీధి వైపు తలుపులు తెరిచి మరీ ఊడ్చేది. అంబిక పొగడ్తకు భయపడి పారిపోయింది. తాను మాత్రం ఆ పొగడ్త పోతుందని భయపడి ఒక మనిషి మీద బురద చల్లింది. ఇన్నాళ్ళూ అంబికను చూసిన అనుమానపు కళ్ళు ఇప్పుడు తన మీదికే తిరిగాయి, వాటి ముందు ఏదీ నిలబడలేదు.

బుధవారం స్త్రీల సమాజంలో లేచి, తాను తప్పు చేశానని మొదలుపెట్టింది. గొంతు వణికింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అయ్యగారి భార్య పక్కావిడతో, మన సిస్టరమ్మది ఎంత తగ్గింపో చూడమని మెల్లగా అంది. ఆ మాట విన్న క్షణాన సోఫియా గుండె వెచ్చబడింది. ఆ వెచ్చదనం ఆమెకు బాగా పరిచయమైనది. మాట మధ్యలోనే ఆగిపోయింది. ఇది ఇక్కడ చెప్పే మాట కాదని చెప్పి కూర్చుంది. ఆమెకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

మర్నాటి నుంచి ఆమె తాను మాట చెప్పిన ఒక్కో ఇంటికీ వెళ్ళింది. ఆ మాటలు మోసుకుపోయిన ఇళ్ళకు కూడా వెళ్ళింది. అంబిక గురించి తాను చెప్పింది తెలిసి చెప్పింది కాదని, అసూయతో చెప్పిందని గడపలోనే నిలబడి చెప్పింది. కుప్పంలో విన్నది ఒక్క ముక్క కూడా నోటి నుంచి రానివ్వలేదు. అది చెబితే తన తప్పు సగం చిన్నదయ్యేది. చెప్పాలని నాలుక దురద పెట్టింది కూడా. ఈ ఇళ్ళలో ఎవరూ కళ్ళు ఒత్తుకోలేదు. ఒకావిడ తలుపు సగమే తెరిచి వింది. గీత అయితే నిలదీసింది.

"ఆమె కడిగితే మీకు పేరు పోతాదని చెప్పినారా సిస్టరమ్మా?"

"అవును" అంది సోఫియా. అంతకంటే కష్టమైన మాట తన జీవితంలో పలికినట్టు ఆమెకు గుర్తులేదు.

వార్డెన్‌తో కూడా మాట్లాడి, హాస్టల్ వంటగదికి వెళ్ళింది. అంబిక టమాటాలు తరుగుతోంది. పక్క గదిలో మంచం మీద బట్టల సంచి కట్టి ఉంది.

"కుప్పం పోయి వచ్చినాను. వరలక్ష్మిని చూసినాను" అంది సోఫియా, దాచకుండా.

అంబిక కత్తి ఆపింది. "అందరికీ చెప్పినారా?"

"అది చెప్పలేదు. ముందు చెప్పిన అబద్ధాలకే ఇళ్ళిళ్ళూ తిరుగుతాండాను." మళ్ళీ తనే అంది, "నీ తప్పు పట్టుకోవాలనే పోయినాను అంబికా. సంఘం కోసం కాదు."

అంబిక కత్తి పక్కన పెట్టింది. తర్వాత, "నాకు కోపం వస్తాండాది అక్కా. రాలేదని చెబితే అబద్ధం" అంది. ఆ కోపం పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదని కూడా చెప్పింది. సోఫియా సరే అంది. సంచి వైపు చూసి, ఇంకో ఊరికి పోతే అక్కడా ఎవరో ఒకరు పొగుడుతారు కదా, ఎన్ని ఊళ్ళు పోతావని అడిగింది.

"ఈడ మాత్రం పొగడరులే" అంది అంబిక. ఆ మాటలో కొంచెం నవ్వు, కొంచెం చేదు ఉన్నాయి.

అంబిక ఆ వారం వెళ్ళలేదు, ఆ నెలా వెళ్ళలేదు. వార్డెన్ మళ్ళీ పిల్లలను ఆమెతో పంపింది. ఆమె సిస్టరమ్మతో ముక్తసరిగా మాట్లాడుతూ వచ్చింది. చలికాలం వచ్చాక ఒక శుక్రవారం తానే పిలిచి, ఒక్కతే అన్ని బెంచీలూ జరపలేకున్నానని చెప్పింది. సోఫియా వెళ్ళి రెండో కొస పట్టుకుంది.

చర్చిలో కోత పండుగ విందునాడు అయ్యగారు సంవత్సరమంతా సేవ చేసిన వాళ్ళ పేర్లు చదివారు. తన పేరు చదవవద్దని సోఫియానే ముందుగా వెళ్ళి అడిగి వచ్చింది. ఆయన చదవలేదు, అంబిక పేరూ చదవలేదు. అయినా పేర్లు అయిపోయి చప్పట్లు ఆగినప్పుడు ఆమెకు లోపల ఎక్కడో చురుక్కుమంది. బయటికి వచ్చాక ఆ సంగతి అంబికతో చెప్పింది.

"నాకూ అంతే అక్కా" అంది అంబిక, అన్నం గిన్నె ఎత్తుకుంటూ. "రాండి, ఆడ పిల్లోళ్ళకు వడ్డించాల."