సిలబస్‌లో లేని ప్రశ్న

కోవిడ్‌కు కొంచెం ముందు, మన పిల్లలు విమానాల నిండా కెనడాలోని ఒంటారియోలో దిగుతున్న రోజుల్లో, విండ్సర్‌లోని ఒక కాలేజీ నన్ను ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌గా వేసింది. ఇక్కడివాళ్ళు సాకర్ అనే ఆట. కాకినాడలో పీఈటీగా మొదలైన ఉద్యోగానికి అదే చివరి మజిలీ. ఆ ఏడు సెలక్షన్స్‌కు వచ్చినవాళ్ళలో సగం మంది నన్ను సార్ అన్నారు. మిగతావాళ్ళు పేరు పెట్టి పిలిచేవారు. అది నాకు చివరిదాకా అలవాటు కాలేదు.

ఇక్కడ కోచ్‌కు జట్టు మీద ఎంత పెత్తనం ఉన్నా, దెబ్బ తగిలినవాడి విషయంలో చెల్లేది అథ్లెటిక్ థెరపిస్టు మాటే. తలకు తగిలితే ఆవిడ మైదానంలోనే ప్రశ్నలు అడుగుతుంది. ఇది ఏ ఊరు, ఇప్పుడు ఏ హాఫ్, చివరి గోల్ ఎవరిది, పోయిన మ్యాచ్ ఎవరితో. తడబడితే ఆట మాన్పిస్తుంది. మా థెరపిస్టు మెలిస్సా సీజన్ మొదట్లోనే ఆ ప్రశ్నలన్నీ అందరికీ చదివి వినిపించింది. ప్రశ్నలు ముందుగా చేతికొస్తే మనవాళ్ళు ఏం చేస్తారో పాపం ఆవిడకేం తెలుసు?

సెమీఫైనల్ వాటర్లూలో. పొద్దున్నే బస్సులో అందరికీ మా ఆవిడ చేసిచ్చిన పులిహోర పెట్టాను. మా గోల్‌కీపర్ చరణ్‌ది ఖమ్మం. రెండుసార్లు పెట్టించుకుని తిని, పల్లీలు లేవని వంక కూడా పెట్టాడు. తేరగా వచ్చిన తిండికి ఇన్ని వంకలా అని నేను ఆటపట్టించాను.

సెకండ్ హాఫ్‌లో కార్నర్ కిక్‌కు ఎగిరినప్పుడు అతని తల గోల్ స్తంభానికి కొట్టుకుంది. మెలిస్సా పరుగెత్తింది. రిఫరీ అనుమతితో నేనూ వెళ్ళాను. చరణ్ అన్నిటికీ సరిగ్గానే జవాబు చెప్పాడు. ఊరు, హాఫ్, గోల్, పోయిన మ్యాచ్, అన్నీ గుక్క తిప్పుకోకుండా, ఆవిడ ప్రశ్న పూర్తి చేయకముందే. ఇంటర్ వైవాలో పిల్లలు అప్పజెప్పే తీరు అది. నాకు అనుమానం వచ్చింది.

పక్కన కూర్చుని తెలుగులో అడిగాను.

"పొద్దున ఏం తిన్నావురా?"

"ఏం తినలే సార్. మస్తు ఆకలైతుంది."

నేను మెలిస్సాకు విషయం చెప్పాను. ఆవిడ వెంటనే అతన్ని మార్చమని చెయ్యెత్తింది. చరణ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"తీసెయ్యకుండ్రి సార్. క్లాసులకు పోకుంటే పర్మిట్ పోతది."

అప్పుడు కొంత అర్థమైంది, మిగతాది తర్వాత పిల్లలు చెప్పారు. విదేశీ విద్యార్థి ఇక్కడ ఉండి చదవడానికిచ్చే స్టడీ పర్మిట్ నిలవాలంటే ఫుల్‌టైమ్ చదవాలి. తలకు దెబ్బ అని తేలితే క్లాసులు ఆపిస్తారని, దాంతో ఇంటికి పంపేస్తారని పిల్లల్లో ఒక పుకారు. అందుకని మనవాళ్ళంతా ఆ ప్రశ్నలను ఇంపార్టెంట్ క్వశ్చన్స్ లాగా బట్టీ పట్టి, ప్రతి మ్యాచ్‌లోనూ, గోల్ పడ్డప్పుడల్లా కొత్త జవాబులు వల్లె వేసుకుంటున్నారు. వాళ్ళ తెలివికి మురవాలో, నాలుగు తగిలించాలో తెలియలేదు.

మ్యాచ్ ఓడిపోయాం. అది గుర్తొచ్చేసరికి నేను ఆసుపత్రి ఎమర్జెన్సీలో చరణ్ మంచం పక్కన ఉన్నాను. గుర్తొచ్చినా బాధ కలగలేదు. మళ్ళీ ఒక దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన ఒక్కటే నన్ను తినేస్తోంది. చివరికి డాక్టర్ వచ్చి, స్కాన్‌లో రక్తస్రావం లేదని, విశ్రాంతి తీసుకుంటే చాలని చెప్పింది. కాసేపటికి చరణ్ కళ్ళు తెరిచి నావైపు తిరిగాడు.

"సార్, పులిహోరల పల్లీలు ఎయ్యాలె."

మా ఆవిడ వంటకు వంక పెడితే నేను సంతోషించింది ఆ ఒక్కసారే.

తర్వాతి వారం, విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసు సలహాదారుణ్ణి మైదానానికే పిలిపించాను. డాక్టర్ కాగితం ఉంటే కాలేజీ సెలవు ఇస్తుందని, దానివల్ల పర్మిట్ పోదని ఆయన నోటితోనే జట్టుకు చెప్పించాను. చరణ్ ఆ సెలవు వాడుకుని, మెల్లగా కోలుకుని డిప్లొమా పూర్తి చేశాడు.

ఆ తర్వాత మెలిస్సా ప్రశ్నలు మెలిస్సావే, కానీ చివర్లో నాదొకటి ఉండేది, ప్రతిసారీ వేరేది. నిజానికి దాని అవసరం పెద్దగా పడలేదు. పర్మిట్ భయం పోయాక, తల తిరుగుతోందని పిల్లలే వచ్చి చెప్పేవారు. ఆ పుకారు సంగతి నేను సీజన్ మొదట్లోనే కనుక్కోవలసింది. కోచ్ చేయవలసిన పనుల్లో అదీ ఒకటని ఆ మ్యాచ్‌తో తెలిసింది.