షన్నప్ప పెళ్లిచూపులు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు మీద ఉన్న ఆశకూ, నాకు వచ్చిన ఇంగ్లీషుకూ మధ్య తేడా ఎంతో తెలియక పోగొట్టుకున్నవి లెక్కేస్తే ఇలా తేలుతుంది: కుదరబోయిన సంబంధం ఒకటి, కొత్త తెల్లచొక్కా ఒకటి, మేనమామతో నాలుగేళ్ల మాటలు, అమ్మానాన్నలు పెట్టిన పేరు. పేరు పోవడమంటే పూర్తిగానే పోయింది. ప్రొద్దుటూరు బజారులో ఇప్పటికీ నన్ను షన్నప్ప అంటేనే గుర్తుపడతారు.

మాది జమ్మలమడుగు. చదువు పదో తరగతితో ఆగింది. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో గుమాస్తాగా చేరి, వడ్డీ లెక్కలూ గజాల లెక్కలూ ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. దాంతో ఇంగ్లీషూ అలాగే వస్తుందనుకున్నాను. పాత పుస్తకాలు అమ్మేవాడి దగ్గర ఒక నిఘంటువు కొని తిరగేస్తుంటే, చివర టి ఐ ఓ ఎన్ అనే నాలుగక్షరాలున్న మాటలు పేజీ పేజీకీ కనిపించాయి. స్టేషన్, నేషన్, ఎడ్యుకేషన్. ఒక్క తోక పట్టుకుంటే వందల మాటలు చేతికొస్తుంటే చిల్లర మాటలు ఒక్కొక్కటిగా ఏరుకోవడం ఎందుకు? (టోకు బేరం అలవాటైన బుర్ర అలాగే ఆలోచిస్తుంది.) ఏడాది పాటు అంగడి కట్టేశాక ఆ మాటలే బట్టీ పట్టాను. రావడం, పోవడం, ఎప్పుడు, ఎందుకు లాంటి వాటికి ఆ తోక లేదు గనుక వాటి జోలికి పోలేదు.

అప్పుడే మా మేనమామ పులివెందుల సంబంధం తెచ్చాడు. అమ్మాయి డిగ్రీ చదివింది. తండ్రి బడిపంతులు. ఆయన పట్టు ఒక్కటే: అల్లునికి ఆస్తి లేకున్నా ఇంగ్లీషు రావల్ల. మా మామ "మావోనికి కొదవ లేదు పంతులూ, కలలో గూడా ఇంగ్లీషే" అని మాటిచ్చి వచ్చాడు. నేను అమ్మాయిని అంతకుముందే వాళ్ల బంధువుల పెళ్లిలో చూసి ఉన్నాను. ఆ సంబంధం కుదరాలని ఎంత కోరుకున్నానో మామకు కూడా చెప్పలేదు.

పులివెందులలో పంతులు గారు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టించి, "అంగట్లో ఏం పని చేస్తాండావు నాయనా?" అని తెలుగులోనే అడిగాడు. నేను గొంతు సవరించుకుని "కలెక్షన్, కాలిక్యులేషన్, అప్పుడప్పుడు నెగోషియేషన్" అన్నాను. పంతులు గారి ముఖం విప్పారింది. మామ నా తొడ మీద చిన్నగా చరిచాడు. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆయన, "అమ్మాయీ, నువ్వు గూడా రెండు మాటలు అడగరాదా" అన్నాడు.

ఆమె తలెత్తి నెమ్మదిగా, "వెన్ డిడ్ యూ కమ్?" అంది. ఎప్పుడొచ్చారని. చిన్నపిల్లలు కూడా జవాబు చెప్పగలిగే ప్రశ్న. నా తలలో ఉన్న వందల మాటల్లో ఒక్కటీ దాని దగ్గరికి రాలేదు. నాకు దొరికిన మాట "ట్రాన్స్‌పోర్టేషన్" అన్నాను. పంతులు గారి చెయ్యి బజ్జీ మీదే ఆగిపోయింది. ఆమె ఇంకా తేలిక చేద్దామని, "హౌ మెనీ ఆర్ యూ ఎట్ హోమ్?" అంది. "పాపులేషన్" అన్నాను. లోపలి గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. చెమట కారిపోతుంటే ఆమె జాలిగా "ఆర్ యూ నాట్ వెల్?" అంది. అదైనా అర్థమైనట్టు "పర్స్పిరేషన్" అన్నాను. చేతిలోని పళ్లెం ఒరిగి పసుపు ఉగ్గాని చొక్కా మీద పడింది.

ఆమె నవ్వలేదు. లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, "నీళ్లు తాగన్నా" అంది.

అన్నా! చూడవచ్చినవాణ్ని పిల్ల ఆ మాట అన్నాక మా వైపు ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. మామ తువ్వాలు దులుపుకుని లేచాడు. నీళ్లు మాత్రం నేను పూర్తిగా తాగాను.

బస్సు ముద్దనూరు దాటి ఎర్రగుంట్ల దారి పట్టింది. మామ నా వైపు తిరిగి, "అన్నీ చెప్తివి గదరా. ఎర్రగుంట్ల జంక్షన్ ఒక్కటి ఎందుకు మిగిల్చినావ్?" అన్నాడు. నాలుగేళ్లపాటు నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. బజారులో మాత్రం అందరికీ చెప్పుకున్నాడు; ఆ 'షన్'ల మీదే నాకు షన్నప్ప అనే పేరు పడింది.

ఆమె మా జిల్లాలోనే ఖాజీపేట కోడలైంది. బట్టలకు మా అంగడికే వస్తుంది. నేను చీరల దొంతర వెనకాల దాక్కుంటాను. పోయిన నెల కూతురి పెళ్లి బట్టలకు వచ్చి నన్ను పట్టేసింది.

"ఏందన్నా, యాడ దాంకుంటాండావ్? నా పెళ్లికి చీర పెట్టకపోతివి. ఇద్దరు బిడ్డలకు పేరు పెట్టినప్పుడూ పెట్టకపోతివి. ఇప్పుడు మేనకోడలి పెళ్లి. మేనమామవు, దానికన్నా పెడతావా లేదా?"

యజమాని దగ్గర్నుంచి కుర్రాళ్ల దాకా అందరూ నవ్వారు. నేను చెవుల దాకా ఎర్రబడి, "పెడతాలేమ్మా" అని గొణిగాను. ఆమె కొన్నవాటికి డబ్బు కట్టి, నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "శానా మంచి మనిషి మాదిరుంది. ఇచ్చేసి రారాదా" అంది. నిజమే. చీరలకు కొదవ లేదు, పెట్టడానికి మనసూ ఉంది. కానీ మొదటి చీర చేతిలో పెట్టిన క్షణం, ఆమెకు నేను అన్ననేనని నా అంతట నేను ఒప్పుకున్నట్టవుతుంది. తల సగం నెరిసి, ఇద్దరు పిల్లల తండ్రినై, తల్చుకుంటే నాకే సిగ్గేసే ఈ ఒక్క మొండితనం దగ్గర ఆగిపోయాను. ఆమె పెళ్లికి ఒకటి, బిడ్డలకు పేర్లు పెట్టినప్పుడు రెండు, మేనకోడలిది ఒకటి. ఇచ్చినవి ఏమీ లేవు. ఈ రోజుకు బాకీ నాలుగు చీరలు.