టీ వేళకి వంగిన గీత

దెయ్యాల కబుర్లు మొదలైతే మా ఇంట్లోవాళ్లు నన్ను పక్కగదిలోకి పొమ్మంటారు. మధ్యలో ప్రశ్నలేసి కథంతా చెడగొడతానని వాళ్ల బాధ. నేను రైల్వేలో సిగ్నల్, టెలికాం పని చేస్తాను. దీపం వెలగకపోతే వైరు ఎక్కడ తెగిందో వెతకాలి గానీ దిష్టి తియ్యకూడదంటాను. ఇప్పటికీ అదే మాట. కానీ మా అత్త పోయాక జరిగిన ఈ ఒక్క సంగతిలో తెగిన వైరు నాకు దొరకలేదు.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని తాతల కాలంలో వచ్చిన కుటుంబం మాది. ఆయనకీ నాకూ హామ్ రేడియో పిచ్చి, ఇద్దరికీ లైసెన్సులున్నాయి. ఆయనది మరీ ముదిరిన పిచ్చి. అందరూ దేశదేశాలవాళ్లతో మాట్లాడుతుంటే, ఈయన మాత్రం మనిషి మాట కూడా పట్టనంత తక్కువ ఫ్రీక్వెన్సీలో తన కాల్‌సైన్‌ని, అంటే లైసెన్సుతో ఇచ్చిన గుర్తుపేరుని, మోర్స్ చుక్కలుగా, గీతలుగా పంపుతూ కూర్చునేవాడు. ఎంత నిదానమంటే, ఒక అక్షరం పూర్తయ్యేలోగా మనం అన్నం తిని చెయ్యి కడుక్కోవచ్చు. అది చెవికి వినబడదు. బిలాస్‌పూర్‌కి దగ్గర్లోనే ఉన్న కోటాలో నా క్వార్టర్‌లో, లాప్‌టాప్ తెర మీద సన్నటి గీతలా కనబడుతుంది.

ఆ ఫ్రీక్వెన్సీకి సరైన ఏంటెనా కట్టాలంటే తీగ ఊరు దాటిపోవాలి. మావయ్య డాబా మీంచి పెరట్లోకి లాగిన తీగతో, ప్లాస్టిక్ బకెట్‌కి చుట్టిన రాగి కాయిల్‌తో సరిపెట్టుకున్నాడు. బకెట్ అత్తది. అడగలేదు, తీసేసుకున్నాడు. ఆ తగువు చాలాకాలం నడిచింది.

ఇంకో తగువు టీ గ్లాసుది. ఫ్రీక్వెన్సీని పుట్టించే క్రిస్టల్‌ని మావయ్య ఒక పాత బిస్కెట్ల డబ్బాలో బిగించాడు. దానికి వేడి పడదు. కాస్త వెచ్చబడితే ఫ్రీక్వెన్సీ పిసరంత తగ్గుతుంది, నా తెర మీద గీత కిందికి వంగుతుంది, చల్లారాక మళ్లీ పైకొస్తుంది. అత్త రోజూ సాయంత్రం టీ తెచ్చి సరిగ్గా ఆ డబ్బా మూత మీదే పెట్టేది. గోల్ బజార్‌లో కొన్న పెద్ద స్టీలు గ్లాసు, అంచుదాకా పోసిన టీ.

"బల్ల నిండా తీగలే. ఇంకెక్కడ పెట్టాలేటి?" అనేది.

దాంతో రోజూ సాయంత్రం గీతలో ఒక గుంట పడేది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల కూడా. వాళ్లకి పిల్లల్లేరు. మావయ్య నాకు ఫోన్ చేసి, "మీ అత్త గుంట వచ్చీసిందేటిరా?" అని అడిగి పకపకా నవ్వేవాడు. పక్కనుంచి అత్త తిట్లు వినబడేవి.

కానీ గీత తిన్నగా లేదని ఆయనకి లోపల బాధే. మొన్న వానాకాలంలో డబ్బా చుట్టూ, పైనా కిందా మందపాటి థర్మోకోల్ పెట్టి, టేపుతో గట్టిగా అతికించేశాడు. గీత కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది. అత్త ఆ థర్మోకోల్‌ని చూసి, "అచ్ఛా, నా గ్లాసుకి చోటు తీసీసారన్నమాట," అంది. అప్పట్నుంచి టీ వంటింట్లోనే ఇచ్చేది. అదే వానాకాలంలో, గుండెపోటుతో, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే పోయింది.

మావయ్య ఏడవలేదు. రేడియో గదికి తాళం వేసి, తాళంచెవి మా అమ్మ చేతిలో పెట్టి, "నాకు కనబడనీకు అక్కా," అన్నాడు. దానంతటదే కాల్‌సైన్ పంపుతూ ఉండే సెట్‌ని ఆపడం మర్చిపోయాడు. కోటాలో నాకు గీత కనబడుతూనే ఉంది, కానీ ఆయనకి చెప్పలేదు. అది ఆగిపోతే అత్త ఇంట్లో దీపం ఆర్పేసినట్టే అనిపించింది.

ఆయన తిండి మానేశాడు. టీ అసలు ముట్టుకోలేదు. "ఒక్క గ్లాసుకి చోటివ్వలేకపోనాను," అని ఒకటే మాట. మనిషి రోజురోజుకీ తగ్గిపోతున్నాడు. అమ్మ అక్కడే ఉండిపోయింది. ఆయన్ని కూడా పోగొట్టుకుంటామేమోనని మాకు నిజంగానే భయం పట్టుకుంది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నా తెర మీద గీత కిందికి వంగింది. నిండుగా, లోతుగా, అచ్చం అదే గుంట.

నాకు ప్రాణం లేచొచ్చింది. మావయ్య గది తెరిచాడు, థర్మోకోల్ పీకేశాడు, టీ తాగుతున్నాడు అనుకున్నాను. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"టీయా?" అంది అమ్మ. "గుక్కెడు నీళ్లు తాగించడానికే నా తలప్రాణం తోక్కొస్తంది. ఆ గది తాళంచెవి నా కొంగునే ఉందిరా."

మర్నాడూ గుంట పడింది. ఆ మర్నాడూ పడింది. నా రిసీవర్ తప్పేమో అనుకున్నాను, కానీ అదే తెర మీద ఇంకో దూరపు స్టేషన్ గీత ఏమాత్రం చలించలేదు. కరెంటు హెచ్చుతగ్గులా అంటే సెట్ నడిచేది ఛార్జరుకి తగిలించిన పెద్ద బ్యాటరీ మీద. ఎండా అంటే ఆ గది కిటికీ తూర్పుకి ఉంది, పైగా బయట ముసురు.

ఇక ఆగలేక సెలవు పెట్టి పాసింజరెక్కాను. లాప్‌టాప్‌ని కోటాలోనే గీత రికార్డు చేస్తూ వదిలేశాను. అమ్మా నేనూ తాళం తీశాం. థర్మోకోల్ మీద దుమ్ము పేరుకునుంది, ఎవరూ ముట్టిన జాడ లేదు, టేపు వేసింది వేసినట్టే ఉంది. వేడి లోపలికి దిగుతుందేమో చూద్దామని, వేడివేడి టీ గ్లాసు తెచ్చి దానిమీదే పెట్టి, చల్లారేదాకా నిలబడ్డాం.

గుమ్మంలో మావయ్య ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూసుకోలేదు. కోప్పడతాడేమో అనుకుని, తెర మీద గీతకి ఆ సాయంత్రాల్లో ఫోన్‌తో తీసిన ఫొటోలు చూపించి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

చాలాసేపు చూశాడు. "గుంట వచ్చిందేటిరా?" అన్నాడు.

తర్వాత బల్ల దగ్గరికొచ్చి, టేపు పీకి, థర్మోకోల్ అంతా విప్పి కింద పడేశాడు. "అక్కా, కాస్త టీ పెట్టు," అన్నాడు. సగం గ్లాసు చాలన్నాడు. రెండు గుక్కలు తాగి, గ్లాసుని డబ్బా మూత మీద పెట్టి, అప్పుడు ఏడ్చాడు. మేం ఆపలేదు. ఆ రాత్రి అన్నం తిన్నాడు.

కోటాకి తిరిగొచ్చాక రికార్డు చూశాను. మేం థర్మోకోల్ మీద గ్లాసు పెట్టినంతసేపూ గీత తిన్నగానే ఉంది, వెంట్రుకవాసి కూడా వంగలేదు. మావయ్య గ్లాసు దగ్గర మాత్రం చిన్న గుంట ఉంది.

ఇప్పుడు ఆయన రోజూ టీ తాగుతున్నాడు, గ్లాసు ఆ మూత మీదే పెడుతున్నాడు. గీత వంగడం ఆలస్యమైతే నేనే ఫోన్ చేసి, "గుంట రాలేదేటి మావయ్యా?" అని ఏడిపిస్తాను. ఈ గుంటలకి కారణం నాకు తెలుసు. ఆయన పోసుకునేది సగం గ్లాసే కాబట్టి అన్నీ పైపైనే ఉంటాయి.

తాళం వేసిన గదిలోంచి వచ్చినవి నా దగ్గర ఇంకా ఉన్నాయి. అత్త బతికున్నప్పటి వాటి పక్కన పెట్టి ఎన్నిసార్లు చూసినా తేడా దొరకదు. ఎలా వచ్చాయో చెప్పమంటే నాకు తెలీదు. అవన్నీ నిండు గ్లాసువే.