ఎనిమిదో వైరుకు ఎనిమిది ముడులు

మస్తాన్ వలి వైరు బిగించగానే చెవి మీద నుంచి దారప్పోగు తీసి దానికి కడతాడు. మొదటి వైరుకు ఒక ముడి. రెండోదానికి రెండు. ఎనిమిదో వైరుకు ఎనిమిది. తర్వాత కళ్ళు మూసుకుని వేళ్ళతో లెక్క చూసుకుంటాడు.

తెనాలిలో మాది ఇద్దరి పని. ఫ్యాక్టరీలో యంత్రాలు కంప్యూటరుతో మాట్లాడేది స్విచ్ అనే ఇనప డబ్బా ద్వారా. ఏ నంబరు వైరు ఆ నంబరు గూట్లోకే వెళ్ళాలి. దానికి వైర్లు కలిపేది వలి. వాటికి అచ్చు నంబర్ల స్టిక్కర్లు అంటించేది నేను. నా స్టిక్కరు పక్కనే ఆయన ముడి. నాకది చిన్నతనంగా ఉండేది.

"ఇదేం తాయెత్తు వలీ?"

"మీది కాగితం తాయెత్తు, నాది దారం తాయెత్తు మాష్టారూ."

గొడుక్కీ ముడే. టిఫిన్ క్యారియర్‌కీ ముడే. "నిద్రపోతే నా జడకీ వేస్తాడండి," అనేది ఆయన భార్య జానీ బీ.

బాపట్ల మిల్లు మేస్త్రి చెంచురామయ్య ఒకసారి అడిగాడు. "పెళ్ళికే మూడు ముళ్ళయ్యా. ఈ డబ్బాకి ముప్పయ్యారేంటి?"

"అక్కడ ఒక్క తాడే కదండి."

రెండువేల ఏడు వానాకాలంలో రేపల్లె ఐసు ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. అంతకుముందు మేం బిగించిన డబ్బాలో చెమ్మ. వైర్లన్నీ పీకి తుడిచాం. నా స్టిక్కర్లు ఎనిమిదీ రాలి అడుగున పడి ఉన్నాయి.

యజమాని శ్రీనివాసరావు ఆపరేటరు వీరాస్వామిని పిలిచాడు.

"నీకు చూపు ఆనట్లేదంటున్నారు. ఈ వైర్లు మా ముందే పెట్టు. ఒక్కటి తప్పినా రేపట్నుంచి రానక్కర్లేదు."

వీరాస్వామి వైర్ల వంక చూడలేదు. యజమాని వంకే చూస్తూ, "పాపకి జొరం తగ్గిందాండి?" అన్నాడు. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎనిమిది లైట్లూ వెలిగాయి.

"కళ్ళు బానే ఉన్నాయే," అన్నాడు యజమాని.

"మీ దయండి."

వలి మాత్రం గోడ మీది బల్లిని శ్రద్ధగా చూస్తున్నాడు.

తిరుగు బస్సులో అడిగాను. "ముడులు వీరాస్వామి కోసమా?"

"శుక్లాలండి ఆయనకి. ఆపరేషనంటే భయం."

"మరి తెనాలిలో, బాపట్లలో ఎందుకు కట్టడం? గొడుక్కెందుకు?"

"ఒక్కచోటే కడితే ఎవరికోసమని అడగరా మాష్టారూ?"

మర్నాడు పొద్దున బాపట్ల మిల్లులో కొత్త స్విచ్ బిగించాం. వలి చెవి మీద నుంచి దారం తీశాడు. ఎనిమిది వైర్లకు ముప్పయ్యారు ముడులు వేసి, కళ్ళు మూసుకుని లెక్క చూసుకున్నాడు. ఆ మిల్లులో అందరి కళ్ళూ బాగానే ఉన్నాయి.