ముట్టించని చుట్ట

కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో, నా పక్కన కూర్చున్న చేపలమ్మే ఆవిడ చుట్ట బయటికి తీసింది.

"బస్సులో చుట్టేంటి?" ఫోన్‌లోంచి తలెత్తి అరిచాను.

"ముట్టించలేదు గదమ్మా, వాసన సూస్తన్నాను. నాది అడ్డపొగ, నిప్పు నోట్లోనే ఉంటాది," అని నవ్వింది.

ముట్లు ఆగిపోయిన చాలా ఏళ్లకి ఆవిడకి మళ్లీ రక్తం కనిపించిందట. ఇవాళ ఆసుపత్రిలో గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారట.

"పొగ మానెయ్యమంది డాక్టరమ్మ. పొగేమో నోట్లో, రోగమేమో కిందన. ఏటి సంబంధం?"

ఫోన్‌లో వెతికాను. గర్భసంచి ముఖద్వారం కేన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఉన్నవాళ్లకి పొగాకు ఆ కేన్సర్ ముప్పు పెంచుతుందని ఉంది. చదివి వినిపించాను.

"మరి నాకా రోగముందో లేదో సెప్తాదా నీ ఫోను?"

"చెప్పదు."

"అంతే మరి. మొప్ప ఎత్తి సూడకుండా సేప మంచిదో కాదో నేనూ సెప్పను. ముక్క తీసి సూస్తేనే తెలుస్తాది."

దిగేముందు చుట్టని నా చేతిలో పెట్టింది. "నువ్వు పారెయ్యమ్మా. నాకు సేతులు రావు."

పారేశాను. ఆవిడ రిపోర్టులో ఏమొచ్చిందో నాకు తెలీదు. గర్భసంచి పరీక్ష ప్రతిసారీ వాయిదా వేసే మా అమ్మకి మాత్రం బస్టాండు నుంచే ఫోన్ చేశాను. ఆ రోజు ఎప్పటిలా అమ్మ మీద అరవలేదు.